గల్లాపెట్టె దగ్గర తప్పని తీసివేత కాగితం మీద తప్పితే: ఒక వేసవి కేస్ స్టడీ

బెంగళూరు కె.ఆర్. పురంలో పీజీ హాస్టళ్లు వరుసగా ఉన్న ఒక వీధిలో, అద్దంకి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబం కర్రీ పాయింట్ నడుపుతోంది. తండ్రి క్యాబ్ నడుపుతాడు, వంట, అమ్మకం తల్లి చూసుకుంటుంది. వాళ్ల అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతి పూర్తిచేసింది. వార్షిక పరీక్షలో లెక్కల్లో బాగా వెనకబడడంతో, ఐదో తరగతి మొదలయ్యేలోగా ఏదో ఒకటి చేయాలని తల్లి ఆ పిల్లను నా దగ్గరకు తీసుకొచ్చింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు గణితంలో విడిగా సాయం చేయడం నా వృత్తి. తల్లిదండ్రుల అనుమతితో ఈ వివరాలు రాస్తున్నాను. అమ్మాయిని పాప అనే ప్రస్తావిస్తాను.

తల్లి చెప్పిన మొదటి మాటలోనే ఈ కేసు సారమంతా ఉంది. "షాపు దగ్గర ఒక్క రూపాయి తేడా రానివ్వదు మేడమ్. బళ్లో మాత్రం అవే లెక్కలు తప్పుతుంది. చదవాలని లేక అట్టా చేస్తుందేమోనని చాలాసార్లు కసిరాను కూడా."

మొదటి పరిశీలన

అందుకే పాపకు విడిగా పరీక్ష పెట్టేముందు, ఒక సాయంత్రం వాళ్ల షాపులోనే కూర్చున్నాను. హాస్టల్ పిల్లలు ఎక్కువగా ఫోన్‌తో స్కాన్ చేసి వెళ్లిపోతారు. వాచ్‌మన్లు, భవన నిర్మాణ కూలీలు మాత్రం నోట్లు ఇస్తారు. 265 రూపాయల బిల్లుకు ఒకాయన 500 నోటు ఇచ్చాడు. పాప ముందు ఐదు రూపాయల బిళ్ల తీసి, "రెండొందల డెబ్బై" అంది. మూడు పది నోట్లు తీసి, "మూడొందలు" అంది. రెండు వంద నోట్లు తీసి, "అయిదొందలు" అని అన్నీ కలిపి ఆయన చేతిలో పెట్టింది. 235 అనే సంఖ్య ఆమె నోట రానే లేదు, అయినా అంతే డబ్బు సరిగ్గా ఇచ్చింది.

మర్నాడు అదే లెక్కను నోటుపుస్తకంలో నిలువుగా రాసిచ్చాను: 500 లోంచి 265 తీసివేయాలి. పాప ఎక్కువసేపు ఆలోచించకుండా 365 అని రాసింది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది, ఏది పైన ఉందో ఏది కింద ఉందో చూడలేదు. 432 లోంచి 178 తీయమంటే 346 అంది. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు, ఒక నియమం ప్రకారం చేసిన తప్పు. స్థానవిలువ అర్థం కాకుండా నిలువు పద్ధతి నేర్చుకున్న పిల్లల్లో చాలామంది తమంతట తాము తయారుచేసుకునే నియమమే ఇది. "365 రూపాయలు చిల్లర ఇస్తావా?" అని అడిగాను. పాప నవ్వి, "అది షాపు లెక్క కదా మిస్, ఇది మ్యాథ్స్" అంది.

ఆ పిల్ల దృష్టిలో అవి రెండూ వేర్వేరు విషయాలు. ఇలా అనుకోవడంలో పాప ఒంటరిది కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులు అమ్ముకునే ఐదుగురు పిల్లలను పరిశీలించి 1985లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమ్మకంలో భాగంగా అడిగిన లెక్కల్లో వాళ్లు 98.2 శాతం సరిగ్గా చెప్పారు. అలాంటి లెక్కలనే ఏ సందర్భమూ లేకుండా అంకెలుగా రాసిచ్చినప్పుడు సరైన జవాబులు 36.8 శాతానికి పడిపోయాయి. 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు ప్రచురించిన అధ్యయనం మన దేశంలోనే, కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద జరిగింది. బేరంలో చకచకా చేసే లెక్కల్లో ఆరితేరిన ఆ పిల్లలు బడి పద్ధతి లెక్కల దగ్గర తడబడ్డారు. బడి లెక్కలు చక్కగా చేసే పిల్లలకు బజారు లెక్కలు కష్టమయ్యాయి.

ఒకచోటి లెక్క ఇంకోచోటికి దానంతట అదే రాదన్న ఈ విషయం తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించాలని నా కోరిక. వేసవిలో పిల్లలకు ఇంటి పనులు అప్పగిస్తే లెక్కలు వాటంతటవే వచ్చేస్తాయని చాలామంది నమ్ముతున్నారు. పాప రోజూ చేసే పని లెక్కలపనే, అయినా అది బడిలో అక్కరకు రాలేదు. కాబట్టి ఈ వేసవిలో మా పని కొత్త లెక్కలు నేర్పడం కాదు, చేతిలో ఉన్న లెక్క కాగితం మీదకు వెళ్లేందుకు మధ్యలో మెట్లు వేయడం.

ఎలా చేయాలనుకున్నాం

తల్లితో మొదటే కొన్ని విషయాలు మాట్లాడుకున్నాను. పాప నడిరోజు రద్దీలో షాపులో నిలబడనక్కర్లేదు, పొయ్యి దగ్గరకు అసలే వద్దు. ఆమె పిల్ల, పనిమనిషి కాదు. రోజులో ఒకే పనిని లెక్క కోసం ఎంచుకోవాలి, ఆ పని నిజంగా ఇంటికి అవసరమైనదై ఉండాలి. లెక్క మధ్యలో "తొందరగా చెప్పు" అనకూడదు. పని అయ్యాక పాప తాను ఎలా చేసిందో మాటల్లో చెప్పాలి, తర్వాత తనకు తోచినట్టు బొమ్మగానో గీతలుగానో రాయాలి, చివర్లోనే బడి పద్ధతిలో రాయాలి. ఈ వరుసలో మూడో మెట్టు, అంటే పిల్ల సొంత రాత, పెద్దవాళ్లు ఎప్పుడూ దాటవేసేది. నా అనుభవంలో ఫలితమంతా అక్కడే ఉంటుంది.

భాష గురించి కూడా ఒక నిర్ణయం తీసుకున్నాం. పాప ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, కొనేవాళ్లతో కన్నడ, కొంత హిందీ కలిపి మాట్లాడుతుంది, బడిలో సంఖ్యలను ఇంగ్లీషులో చదువుతుంది. ఆలోచించేది, చెప్పేది తెలుగులోనే చేయమన్నాను. కాగితం మీద రాసేసిన తర్వాత అదే వాక్యాన్ని ఇంగ్లీషులో ఒకసారి చదివేది. కష్టమైన ఆలోచనను, అలవాటు లేని భాషను ఒకేసారి పిల్ల మీద వేయడం ఎంతమాత్రం సరికాదు.

చిల్లర నుంచి నిలువు తీసివేతకు

కాగితం మీద ఒక గీత గీసి, ఎడమ చివర 265, కుడి చివర 500 రాసి, "నువ్వు ఆయనకు చిల్లర ఇచ్చింది ఈ గీత మీద చూపించు" అన్నాను. పాప 265 నుంచి 270కి ఒక చిన్న గెంతు గీసి పైన 5 అని రాసింది. 270 నుంచి 300కి 30, అక్కడి నుంచి 500కి 200. మూడింటినీ కూడి 235 అని పక్కన రాసుకుంది. అంకెలు వేయని ఇలాంటి ఖాళీ సంఖ్యారేఖ నెదర్లాండ్స్ ప్రాథమిక పాఠశాలల్లో ప్రాచుర్యం పొందిన సాధనం. పిల్ల మనసులో జరిగే లెక్క దాని మీద కళ్లకు కనిపిస్తుంది. కొన్నాళ్లపాటు కూరగాయల బండి దగ్గర, పాల బూత్ దగ్గర ఇచ్చిన నగదుకు లెక్కలన్నీ ఇలాగే రాసింది. అవి సరిగ్గానే వచ్చాయి. అయితే బడిలో అడిగేది నిలువు పద్ధతి. అక్కడికి వెళ్లాలంటే దారి వేరుగా వేయాలి.

అందుకు గల్లాపెట్టెనే వాడుకున్నాం. షాపు కట్టేశాక పాప చేతికి ఒక 500 నోటు ఇచ్చి, ఇందులోంచి 265 సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వమన్నాం. "చిల్లర లేదు కదా" అంది. అయితే మార్చుకో అన్నాం. ఆమె నాలుగు వంద నోట్లు తీసుకుంది. మిగిలిన వందకు తొమ్మిది పది నోట్లు తీసుకుంది. మిగిలిన పదికి ఒక రూపాయి బిళ్లలు పది తీసుకుంది. మూడు కుప్పలుగా నేల మీద పెట్టింది. అందులోంచి రెండు వందలు, ఆరు పదులు, ఐదు రూపాయలు అవతలకు జరిపింది. మిగిలినవి రెండు వందలు, మూడు పదులు, ఐదు రూపాయలు. ఆ కుప్పల పక్కనే నోటుపుస్తకం పెట్టి నిలువు లెక్క రాయించాను. 500 మీద బడిలో కొట్టివేతలు వేసి రాసే 4, 9, 10 అంకెలను నేను రాయగానే పాప వాటిని, నేల మీది నోట్లను మార్చి మార్చి చూసి, "ఈ పైన రాసేవి మార్చుకున్న చిల్లరా మిస్?" అని అడిగింది. బడిలో ఒక సంవత్సరమంతా ఆ అంకెలను అర్థం తెలియకుండా రాసిన పిల్ల అది.

తర్వాత 300 లోంచి 148, 432 లోంచి 178 మొదట డబ్బుతోనూ ఆ వెంటనే కాగితం మీదా చేసింది. రెండో లెక్కలో పాత జవాబు 346 కూడా పక్కన రాసి, ఏది సరైనదో ఎలా తెలుస్తుందని అడిగాను. షాపులో చిల్లర ఇచ్చేటప్పుడు పైకి లెక్కపెడుతూ ఇచ్చిన నోటు దాకా వెళ్తుంది కాబట్టి, తప్పు జరిగితే పాపకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. కాగితం మీద అలాంటి తనిఖీ ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. 346కు 178 కలిపి 524 రాగానే తనే ఆ జవాబును అడ్డంగా కొట్టేసింది. ఆ రోజు నుంచి ప్రతి తీసివేత కింద కూడికతో సరిచూసుకోవడం అలవాటు చేసుకుంది.

ఇక్కడ మిగతా కుటుంబాల కోసం ఒక మాట చెప్పాలి. నా దగ్గరకు వచ్చే అపార్ట్‌మెంట్ పిల్లల్లో చాలామందికి చిల్లర లెక్కపెట్టిన సందర్భమే లేదు. 2016లో యూపీఐ వచ్చాక నగరాల్లో చిన్న కొనుగోళ్లు చాలావరకు ఫోన్‌లోకి వెళ్లిపోయాయి. పిల్లల కళ్లముందు డబ్బు చేతులు మారడం తగ్గింది. అది పెద్దవాళ్లకు సౌకర్యమే గానీ, స్థానవిలువ నేర్పడానికి నగదంత మంచి బోధనోపకరణం ఇంకోటి లేదు. వేసవి సెలవుల్లోనైనా పాలు, కూరగాయలు నగదుతో కొనిపించి, మిగిలిన చిల్లరకు లెక్క రాయించడం ఏ ఇంట్లోనైనా సాధ్యం.

మెట్రోలో గంటలు, నిమిషాలు

తండ్రికి ఖాళీ దొరికిన ఒక ఆదివారం అందరూ లాల్‌బాగ్ వెళ్లారు. కె.ఆర్. పురం నుంచి మెజెస్టిక్‌కు పర్పుల్ లైన్, అక్కడ మారి గ్రీన్ లైన్. ఎక్కిన సమయం, దిగిన సమయం రాసుకొమ్మని ముందే చెప్పాను. 10:48కి ఎక్కి 11:14కి మెజెస్టిక్‌లో దిగినట్టు పాప రాసింది. ఎంతసేపు పట్టిందంటే, 1114 లోంచి 1048 తీసేసి 66 నిమిషాలు అని జవాబు రాసుకొచ్చింది. తీసివేత మాత్రం తప్పు లేకుండా చేసింది! అదే గీత మళ్లీ గీయించాను. 10:48 నుంచి 11:00కి 12, అక్కడి నుంచి 14, మొత్తం 26. గంటకు వంద నిమిషాలు కావని, పదుల్లో మార్చుకునే పద్ధతి ఇక్కడ పనిచేయదని పాపకు దానంతట అదే బోధపడింది.

అదే ప్రయాణంలో ఇంకో లెక్క దొరికింది. రైలులో తలుపు మీది పటం చూసి కె.ఆర్. పురం నుంచి మెజెస్టిక్ దాకా స్టేషన్లు లెక్కపెడితే పన్నెండు వచ్చాయి. కానీ రైలు ఒక స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్‌కు వెళ్లింది పదకొండుసార్లే. తండ్రీ కూతుళ్లు దీని మీద చాలాసేపు వాదించుకున్నారట. చివరకు చేతివేళ్లు చాపి, వేళ్లు ఐదైతే సందులు నాలుగని పాపే తేల్చింది.

ఆవకాయ, భిన్నాలు

మే నెలలో అద్దంకి నుంచి అమ్మమ్మ వచ్చింది. ఆవకాయ పెట్టే కాలం. నాలుగో తరగతిలో భిన్నాలు చదివిన పాప నా మొదటి పరిశీలనలో 1/2కు 1/4 కలిపితే 2/6 అని రాసింది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసింది. భిన్నాలకు ఆవకాయ కంటే మంచి సందర్భం రాదని తల్లితో అనుకున్నాం.

అమ్మమ్మ కొలత: నాలుగు గిన్నెల ముక్కలకు ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, ముప్పావు గిన్నె ఉప్పు. అద్దె ఇంట్లో జాడీలు పెట్టే చోటు తక్కువ కాబట్టి ఈసారి ఆరు గిన్నెల ముక్కలే. ఆవపిండి, కారం ఒకటిన్నర చొప్పున అని పాప వెంటనే చెప్పింది. నాలుగుకు ఒకటైతే రెండుకు అర, మొత్తం ఒకటిన్నర. ఉప్పు దగ్గర ఆగిపోయింది. అమ్మమ్మకు లెక్క అక్కర్లేదు, చెయ్యి చెప్పేస్తుంది. "ముప్పావు వెయ్యి, మళ్లీ దాంట్లో సగం వెయ్యి, సరిపోద్ది" అంది.

ముప్పావులో సగం ఎలా తీస్తావని అడిగితే, పాప ముప్పావు గిన్నె ఉప్పును ఒకేలాంటి రెండు గ్లాసుల్లోకి సమానంగా పోసింది. ఒక గ్లాసును మళ్లీ గిన్నెలోకి పోసి చూస్తే సగానికంటే తక్కువ, పావుకంటే ఎక్కువ వచ్చింది. దానికి పేరేమిటి? వంటింటి కొలత జగ్గులో నీళ్లు పోసి చూస్తే ఆ గిన్నె 200 మిల్లీలీటర్లది. ముప్పావు గిన్నె అంటే 150, అందులో సగం 75, రెండూ కలిపితే 225. కాగితం మీద గిన్నె బొమ్మ గీసి ఎనిమిది సమాన గీతలు పెట్టించాను. ముప్పావు ఆరో గీత దగ్గరకు వచ్చింది, అందులో సగం మూడో గీత దగ్గరకు వచ్చింది. ఆరు, మూడు తొమ్మిది, అంటే ఎనిమిదింటితో ఒక గిన్నె నిండి పైన ఇంకో గీత. 6/8 కలిపి 3/8 సమానం 9/8 అని రాసేసరికి, కింది అంకెను ఎందుకు కలపకూడదో నేను చెప్పాల్సిన పని లేకపోయింది. గీతలు కలుస్తాయి గానీ గిన్నె పెద్దది కాదని పాప తన మాటల్లో చెప్పింది. పాత పేజీ తిప్పి 2/6 చూపిస్తే, అది అరగిన్నె కంటే తక్కువ కదా, అరకు పావు కలిపితే తగ్గుతుందా అని తనే ప్రశ్న వేసుకుంది.

ఇంకో సంగతి అనుకోకుండా బయటపడింది. తూకం మీద పెట్టి చూస్తే గిన్నెడు ఉప్పు బరువు గిన్నెడు కారం బరువుకంటే చాలా ఎక్కువ తూగింది. గిన్నెలో పట్టే పరిమాణం, బరువు ఒకటి కావన్న విషయం ఐదో తరగతి పిల్లలకు పాఠంగా చెప్పడం కష్టం. ఇక్కడ ఒక్క నిమిషంలో తెలిసిపోయింది.

మిగతావి

సాయంత్రాలు అమ్మమ్మతో ముగ్గులు వేసింది. ఏడు ఎదురు చుక్కలు, రెండువైపులా ఒకటి దాకా, అంటే 1, 3, 5, 7, 5, 3, 1 చొప్పున మొత్తం 25 చుక్కలు. చుక్కల సంఖ్యను ముందే ఊహించి తర్వాత లెక్కపెట్టడం పాపకు ఇష్టమైన ఆటగా మారింది. వామనగుంటలు, అష్టాచెమ్మా కూడా ఆడారు. వాటిని ఆటలుగానే వదిలేశాం, రాత పని పెట్టలేదు.

కొన్ని పనులు వృథా అని కూడా చెప్పాలి. టమాటాలు లెక్కపెట్టించడం, మెట్లు లెక్కపెట్టించడం తొమ్మిదేళ్ల పిల్లకు ఏమీ నేర్పవు. అవి మూడేళ్ల పిల్లల పని. ఈ వయసుకు పని ఎంచుకునేటప్పుడు అందులో మార్చుకోవడమో, పంచడమో, పోల్చడమో ఉందా అని చూడాలి. సంఖ్య తెలియకపోతే పని ఆగిపోయేలా ఉండాలి. ఉప్పు ఎంత వేయాలో తెలియకపోతే ఆవకాయ ఆగిపోతుంది కాబట్టే పాప అంతసేపు ఆలోచించింది.

బడి తెరిచేనాటికి

బడి తెరవడానికి ముందు మొదటి రోజు ఇచ్చిన లెక్కల్లాంటివే, అంకెలు మార్చి, ఏ సందర్భమూ లేకుండా రాసిచ్చాను. మూడంకెల తీసివేతల్లో పాత నియమం ఎక్కడా కనిపించలేదు. సున్నాలు ఉన్నచోట ఒకసారి ఆగి, మార్జిన్‌లో చిన్నగా వంద, పది, రూపాయి అని రాసుకుని చేసింది. కాలవ్యవధి లెక్కలు గీత గీసుకుని చేస్తోంది. గీత లేకుండా ఇంకా నమ్మకం లేదు. భిన్నాల కూడిక హారాలు రెండు, నాలుగు, ఎనిమిది అయినప్పుడు బాగా చేస్తోంది. మూడు, ఐదు ఉన్నచోట గిన్నె బొమ్మ ఆసరా సరిపోవడం లేదు. వేగం ఇంకా తక్కువే, తరగతి పరీక్షలో సమయం సరిపోకపోవచ్చు. ఆ మాట తల్లితో స్పష్టంగా చెప్పి, తరగతి ఉపాధ్యాయురాలికి ఇవ్వడానికి ఒక చిన్న చీటీ రాసిచ్చాను. మార్జిన్‌లోని రాతలను కొట్టివేయవద్దని, కొన్ని నెలలపాటు అవి ఉండనివ్వాలని అందులో కోరాను.

భాగహారం మాత్రం మిగిలిపోయింది. పన్నెండు లీటర్ల సాంబారును 250 మిల్లీలీటర్ల కవర్లలో పోస్తే ఎన్ని కవర్లు కావాలని అడిగితే, లీటరుకు నాలుగు, పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది అని పాప ఒక్క గుక్కలో చెబుతుంది. 12000ను 250తో భాగించమని రాసిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కలం కింద పెట్టేస్తుంది. తీసివేతకు గల్లాపెట్టె చేసిన పనిని భాగహారానికి ఈ కవర్లతో చేయించాలన్నది నా ఆలోచన. బడి రోజుల్లో అంత సమయం దొరకదు. అందుకని తల్లితో ఒక ఏర్పాటు చేసుకున్నాం. రాత్రి షాపు కట్టేశాక ఆ రోజు లెక్కలోంచి ఒకే ఒక్క లెక్కను పాప తన పద్ధతిలో ఒకసారి, బడి పద్ధతిలో ఒకసారి రాస్తుంది. సాంబారు కవర్ల పని దసరా సెలవులకు పెట్టుకున్నాం.